ఫాదర్ ముందు ఒప్పుకోలా, తలుపేసుకుని ప్రార్థనా?

మాది సీఎస్ఐ (ప్రొటెస్టెంట్ చర్చి) కుటుంబం, మా ఆవిడ వాళ్లది క్యాథలిక్. తప్పు చేసి మనసు కుదురుగా లేకపోతే ఆమె సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చికి వెళ్లి పాపసంకీర్తనం, అంటే ఫాదర్ ముందు తప్పు ఒప్పుకోవడం, చేస్తుంది. నేను ఇంట్లోనే బైబిల్లో క్షమాపణ వేడుకునే 51వ కీర్తన తీసి మోకరిస్తాను.

ఆమె పద్ధతిలో తప్పును పేరుపెట్టి నోటితో చెప్పాలి. "ప్రభువా, నా పాపాలన్నీ క్షమించు" అని నాలా గుంపగుత్తగా తోసెయ్యడం కుదరదు. ఫాదర్ క్షమాపణ పలికి ప్రాయశ్చిత్తం ఇస్తారు. విన్నది ఎవరికీ చెప్పకూడదు, అది క్యాథలిక్ చర్చి నియమం. ఆ తర్వాత ఆమె మోండా మార్కెట్‌కి వెళ్లి టమాటాల దగ్గర బేరం మొదలుపెడుతుంది. అంత తేలికపడుతుంది మరి!

నాది అర్ధరాత్రయినా కుదిరే దారి, మధ్యలో మనిషి ఉండడు. కానీ తెల్లారేసరికి "నిజంగా క్షమించాడా?" అని అనుమానం. పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని చెప్పే యోహాను మొదటి పత్రిక 1:9 మీద వేలు పెట్టుకుని కూర్చుంటాను. యేసు శిష్యుడు తోమా కూడా, తిరిగి లేచిన ఆయన గాయాలు చూస్తేగానీ నమ్మనన్నాడు, అయినా శిష్యుల్లోనే ఉన్నాడు కదా.

నిజం చెప్పాలంటే ఆమె దారే ఒక మెట్టు పైన. అన్నయ్యకి అబద్ధం చెప్పి తీసుకున్న ఎనిమిది వేల గురించి నెలంతా ప్రార్థించాను. ఫోన్ చేసి చెప్పేశాకే నిద్ర పట్టింది.