జోజానీ అడవిలో పా నుంగా కోసం రెండు ఉదయాలు

టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో ఉద్యోగం చేస్తున్న ఈ నాలుగేళ్లలో జాంజిబార్‌కు పలుమార్లు వెళ్లాం గాని, ఈసారి వెళ్లింది కేవలం పా నుంగా కోసం. ఏడర్స్ డైకర్‌కు అక్కడివారు పెట్టుకున్న పేరది. మేకపిల్లంత ఉండే ఈ ఎర్రటి అడవి జింక సహజంగా జాంజిబార్‌లోని ఉంగూజా దీవిలోనూ కెన్యా తీరపు అడవుల్లోనూ మాత్రమే బతుకుతుంది.

ఫెర్రీ ప్రయాణం హాయిగా సాగింది. జాంజిబార్ పాత నగరమైన స్టోన్ టౌన్‌లో ఒక టూర్ ఏజెంటు పా నుంగాను తప్పక చూపిస్తానని మాట ఇచ్చి, మనిషికి 55 డాలర్లు ముందే తీసుకున్నాడు. ఆరింటికి రావలసిన వ్యాను ఎనిమిదింటికి వచ్చి, మరో మూడు హోటళ్ల దగ్గర ఆగి, సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని జోజానీ జాతీయ పార్కుకు పదింటికి చేర్చింది. డైకర్ అంటే ఆఫ్రికాన్స్ భాషలో మునక వేసేది అని అర్థం. చిన్న అలికిడికే పొదల్లోకి మునిగిపోయే జంతువును, ఎండెక్కాక తొమ్మిదిమంది గట్టిగా మాట్లాడుకుంటూ నడిచే గుంపుకు ఎవరు చూపించగలరు? ఏజెంటు కోతులను చూపించి, ఈ నెలలో జింకలు కనబడవని చెప్పి వెనక్కి తిప్పాడు. డబ్బు అడిగితే ముఖం చాటేశాడు. మా ఆవిడ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

ఆ రాత్రికి పార్కు పక్కనున్న పేటె గ్రామానికి మారాం. గది 30 డాలర్లు. నీళ్లు బకెట్లతో తెచ్చి ఇచ్చినా దోమతెర శుభ్రంగా ఉంది. ఉదయం ఏడున్నరకు గేటు తెరవగానే తలకు 12 డాలర్ల టికెట్టు, గైడుకు విడిగా 15 డాలర్లు చెల్లించి లోపలికి వెళ్లాం. ఆ గైడు మమ్మల్ని ఎక్కువ నడిపించలేదు. ఎర్ర కొలబస్ కోతులు మేస్తున్న చెట్టుకు కొంచెం దూరంలో, పగడపు రాతి నేల మీద కూర్చోబెట్టి, అవి పైనుంచి రాల్చే పూలూ ఆకులూ పళ్లూ తినడానికే పా నుంగా వస్తుందని చెవిలో చెప్పాడు.

నలభై నిమిషాలకు వచ్చింది. ఒక కాలు ఎత్తి, ఆగి, చెవులు తిప్పి, ఎండుటాకు చప్పుడు కాకుండా దింపింది. కాళ్ల మీద సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలున్నాయి. రాలిన పువ్వును నోట కరచి నమిలింది. పైన కొమ్మ విరిగిన చప్పుడుకు వెనుదిరిగినప్పుడు తొడల మీది తెల్లని పట్టీ ఒక్క క్షణం మెరిసి, పొదలో కలిసిపోయింది. మా ఆవిడ నా చేయి అప్పటికీ వదలలేదు.

దీన్ని చూడదలచినవారు ప్యాకేజీ కొనవద్దు. ముందురోజే పేటెలో దిగి, గేటు తెరిచే వేళకు ఇద్దరికి మించకుండా వెళ్లండి. స్టోన్ టౌన్ తిరిగి వెళ్లడానికి దలాదలా అనే చిన్న బస్సులో మనిషికి 2,500 షిల్లింగులే అయింది.