పాత జిప్సీ: చెడిపోవడం తక్కువ, సడలడం ఎక్కువ

పాత మారుతీ జిప్సీ, అంటే నాలుగు చక్రాలకూ శక్తి ఇవ్వగల ఆ జీపులాంటి బండి, కొనేముందు దాన్ని మట్టిలో నడిపి చూడొద్దు. మట్టిలో ఏ జిప్సీ అయినా మనసు దోచేస్తుంది. తారురోడ్డు మీద అరవై, డెబ్బై కిలోమీటర్ల వేగంతో నడపాలి. బండి అసలు సంగతి అక్కడ తెలుస్తుంది. స్టీరింగ్ మధ్యలో రెండు వేళ్ల ఆట ఉంటుంది, కాళ్ల దగ్గర గేర్ల ఊళ ఉంటుంది, వెనక క్యాన్వాసు టాపు టపటపలాడుతుంది. వీటిలో పుట్టుకతో వచ్చినదేది, వయసుతో వచ్చినదేది, వెంటనే పానా పట్టాల్సినదేది అని విడదీసి చూడగలిగితే ఈ బండిని భరించవచ్చు. లేకపోతే ఆరు నెలల్లో అమ్మేస్తారు.

జిప్సీ అన్న పేరు కింద నిజానికి మూడు నాలుగు రకాల బండ్లున్నాయి. 1985 డిసెంబరులో వచ్చిన తొలి ఎంజీ 410కి 970 సీసీ ఇంజను, నాలుగు గేర్లు. 1993లో ఎడమ, కుడి చక్రాల మధ్య ఎడం 90 మి.మీ. పెంచారు. మలుపుల్లో ఒరిగే భయం దాంతో కొంత తగ్గింది. 1996లో వచ్చిన కింగ్‌కు 1298 సీసీ ఇంజను, ఐదు గేర్లు, కార్బురేటరు. 2000లో కార్బురేటరు పోయి ఎంపీఎఫ్‌ఐ (కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే పద్ధతి) వచ్చింది, శక్తి 60 నుంచి 80 హార్స్‌పవర్‌కు పెరిగింది, బ్రేకులకు బూస్టరు (కాలి బలాన్ని పెంచేది) కూడా చేరింది. రోజూ నడపాలనుకునేవాళ్లకు 2000 తర్వాతి బండే నయం. కారణం వేగం ఒక్కటే కాదు. నిటారు ఎక్కుడులో కార్బురేటరు ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు ఒక పక్కకు ఒరిగి, సరిగ్గా శక్తి కావలసిన చోటే ఇంజను దగ్గి ఆగుతుంది. ఎంపీఎఫ్‌ఐకి ఆ గొడవ లేదు. బూస్టరు లేని బ్రేకు మాత్రం తొక్కడానికి కాలే కాదు, నడుమూ గట్టిగా ఉండాలి.

ఈ బండి బలమంతా బరువు తక్కువ కావడంలో ఉంది. టన్నుకు అటూ ఇటూగా తూగుతుంది, నేల నుంచి 210 మి.మీ. ఎత్తు, వీల్‌బేస్ 2375 మి.మీ. తనకన్నా రెట్టింపు శక్తి ఉన్న బరువైన బండ్లు ఇసుకలో దిగబడి గొయ్యి తవ్వుకుంటుంటే, ఇది పైపైన తేలిపోతుంది. అందుకు చేయాల్సింది ఒక్కటే, టైర్లలో గాలి తగ్గించడం. రోడ్డు మీద 24 నుంచి 26 పీఎస్‌ఐ ఉంచేవాళ్లు మెత్తటి ఇసుకలో 15 దాకా దించొచ్చు. అంతకన్నా దిగితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. రోడ్డెక్కేముందు మళ్లీ గాలి కొట్టాల్సిందే, కాబట్టి పంపు లేకుండా ఇసుకలోకి పోకూడదు.

లోటు కూడా చెప్పాలి. లో రేంజి, అంటే వేగం తగ్గించి చక్రాలకు బలం పెంచే రెండో గేరు వరుస, ఉండాల్సినంత లో కాదు. హై నుంచి లోకి వేస్తే వేగం దాదాపు 1.6 వంతున మాత్రమే తగ్గుతుంది. రాళ్ల మీద మెల్లగా పాకించాల్సిన చోట డ్రైవరు తెలియకుండానే క్లచ్ సగం తొక్కి నడుపుతాడు. క్లచ్ ప్లేటు వాసన కొట్టేది అందుకే. ముందూ వెనకా రెండు డిఫరెన్షియళ్లూ (ఎడమ, కుడి చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టెలు) ఓపెన్ రకమే, పట్టు లేని చక్రానికే శక్తి వదిలేస్తాయి. ముందు ఒక చక్రం, దానికి ఎదురు మూలన వెనకది ఒకటి గాల్లోకి లేస్తే బండి అక్కడే తిరగలిలా తిప్పుకుంటూ నిలబడుతుంది. అలాంటప్పుడు యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే నష్టమే. ఎడమ కాలితో బ్రేకు కొంచెం అదిమిపట్టి, కుడికాలితో మెల్లగా శక్తి ఇస్తే, తిరిగే చక్రానికి అడ్డు పడి కొంత పట్టు రెండో చక్రానికి చేరుతుంది. ప్రతిసారీ పనిచేయదు గానీ చాలాసార్లు గట్టెక్కిస్తుంది.

ఫోర్ వీల్ లివరు విషయంలో పొరపాట్లు బండ్లను పాడుచేస్తాయి. ముందు చక్రాల నడిబొడ్డున ఉండే, చక్రాన్ని యాక్సిల్‌కు కలిపే ఫ్రీ వీల్ హబ్బులు లాక్ కాకపోతే లివరు ఎక్కడ వేసినా ముందు చక్రాలకు శక్తి చేరదు. హబ్బులు వదిలేసి లో రేంజి వేయడం ఇంకా చెడ్డది. పెరిగిన బలమంతా వెనక యాక్సిల్ ఒక్కదాని మీదే పడుతుంది. హబ్బులు లాక్ అయి ఉంటే రెండు చక్రాల హై నుంచి నాలుగు చక్రాల హైకి బండి తిన్నగా పోతున్నప్పుడు మార్చవచ్చు. లో రేంజికి మాత్రం బండి పూర్తిగా ఆగాలి, క్లచ్ తొక్కాలి. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి పొడి తారు మీద ఫోర్ వీల్‌లో మలుపులు తిప్పకూడదు. ముందు, వెనక షాఫ్టులు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి, లివరు బిగుసుకుపోయి బయటికి రాదు. అలా ఇరుక్కుంటే లివరు మీద బలం చూపకుండా రెండు మూడు మీటర్లు రివర్సు తీస్తే వదులుతుంది. ఆఫ్‌రోడ్ పోకపోయినా నెలకోసారి హబ్బులు లాక్ చేసి పదిహేను కిలోమీటర్లు నడపాలి. నిలవ ఉన్న ముందు డిఫరెన్షియల్లో ఆయిలు పైదాకా ఎగిరి పళ్లను తడపడానికి అదే మార్గం.

ఇక అసలు తలనొప్పి, స్టీరింగ్ వణుకు. అరవై దాటాక చిన్న గుంత తగిలితే చాలు, ముందు చక్రాలు రెండూ కొట్టుకుంటాయి, స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోతుందేమో అన్నట్టు ఊగుతుంది, బండి దాదాపు ఆగితే తప్ప తగ్గదు. మెకానిక్కు దగ్గరికి పోతే మొదట అమ్మేది స్టీరింగ్ డాంపరు, అంటే ఊపును అణిచే షాక్ అబ్సార్బరు. దాంతో వణుకు కొన్నాళ్లు దాక్కుంటుంది, లోపల అరుగుదల మాత్రం సాగుతూనే ఉంటుంది. డాంపరు ఊడదీసి నడిపినా వణకని బండే బాగున్న బండి.

వెతికే వరుస ఇది. ముందు టైర్లు: బ్యాలెన్సింగ్, గాలి, రిమ్ము వంకర. టైర్లను ముందూ వెనకా మార్చి చూస్తే సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. తర్వాత ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి, స్టాండు మీద ఉంచి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆట తగిలితే రెండో మనిషిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి. బ్రేకుతో ఆట పోతే వీల్ బేరింగు వదులు. బ్రేకు తొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్‌పిన్ బేరింగులు (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పక్కలకు తిరిగే ఇరుసువి) పోయాయి. ఈ చిన్న పరీక్ష చేయకుండా రెండూ మార్చేసి బిల్లు వేసేవాళ్లున్నారు. ఆ తర్వాత చక్రాన్ని పక్కలకు పట్టి ఊపుతూ స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీలైన టై రాడ్, డ్రాగ్ లింక్ చివర్ల బాల్ జాయింట్లు చూడాలి, కమాన్ కట్టల (బండిని మోసే స్ప్రింగు పట్టీల) చివర్లలోని షాకిల్ బుష్‌లు చూడాలి. స్టీరింగ్ బాక్సు చివర్న. బాక్సు పైనున్న స్క్రూ తిప్పి ఆట తగ్గించే అలవాటు మెకానిక్కులకు ఎక్కువ. అతిగా బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రాదు, బాక్సు లోపలి పళ్లు త్వరగా అరుగుతాయి.

కింగ్‌పిన్ బేరింగుకు పైనా కిందా టోపీ ఉంటుంది, టోపీ కింద పల్చటి షిమ్‌లు. అరుగుదల మొదట్లోనే ఉంటే ఒక షిమ్ తీసి మళ్లీ బిగిస్తే ఆట పోతుంది. పనివాడు చేత్తో తిప్పి "బాగుంది బాబూ" అంటే ఒప్పుకోవద్దు. టై రాడ్ విప్పి, నకుల్ (చక్రాన్ని మోస్తూ పక్కలకు తిరిగే భాగం) చేతికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగి, అది కదలడానికి ఎంత బలం కావాలో కొలిచి సర్వీసు మాన్యువల్ అంకెతో పోల్చాలి. మరీ బిగువైతే స్టీరింగ్ బండబారుతుంది, వదులైతే వణుకు తిరిగొస్తుంది. బేరింగు దారిలో గుంటలు పడి ఉంటే షిమ్‌లతో పనికాదు, కప్పుతో సహా మార్చాల్సిందే.

నకుల్ విప్పినప్పుడే సీళ్లు కూడా మార్చేయాలి, మళ్లీ మళ్లీ విప్పే పని కాదది. ముందు చక్రం వెనక నల్లటి గ్రీజు కారడం ఈ బండ్లలో సాధారణం. కారేది చిక్కటి గ్రీజా, పల్చటి ఆయిలా అన్నది ముఖ్యం. గ్రీజే అయితే బయటి గోళం మీద రాసుకునే రబ్బరు సీలు, ఫెల్టు అరిగాయి. పల్చబడి కారుతుంటే లోపలి యాక్సిల్ సీలు పోయి, డిఫరెన్షియల్ ఆయిలు నకుల్లోకి వస్తోంది. సీలు కొనేముందు డిఫరెన్షియల్ మీదున్న బ్రీదరు (లోపలి గాలి పోయే చిన్న దారి) చూడాలి. అది మట్టితో మూసుకుపోతే, వేడెక్కిన గాలి బయటికి పోయే దారి లేక ఆయిల్‌ను సీలు గుండా నెడుతుంది. అప్పుడు ఎన్ని సీళ్లు మార్చినా దండగే. బ్రీదరుకు రబ్బరు గొట్టం తగిలించి ఇంజను గదిలో పైదాకా తీసుకెళ్లడం ఈ బండికి చేయగల అతి చవకైన మేలు. వాగు దాటేటప్పుడు వేడి హౌసింగ్ చల్లబడి నీళ్లు లోపలికి పీల్చుకునే ప్రమాదం కూడా దాంతో తప్పుతుంది.

ఇంజను శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకు అంటుకుని ఉండదు. విడిగా, మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతూ ఉంటుంది, మధ్యలో ఒక చిన్న షాఫ్టు. రబ్బరు చీలితే కేసు మెలితిరుగుతుంది, ఎక్కుడులో లో రేంజి లివరు దానంతట అదే ఊడి న్యూట్రల్‌లో పడుతుంది. గేర్లు పోయాయని కేసంతా విప్పేసేముందు, మూడు మౌంట్లనూ కడ్డీతో ఎత్తి చూడాలి. యాక్సిలరేటరు తొక్కి వదిలినప్పుడల్లా కింద "టంగ్" మని మోగితే మౌంట్లు గానీ, యాక్సిల్‌కు శక్తి మోసే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు (మడత కీళ్లు) గానీ కారణం. క్రాసులకు గ్రీజు నిపిల్స్ ఉంటే అయిదు వేల కిలోమీటర్లకోసారి, నీళ్లలో దిగిన ప్రతిసారీ గ్రీజు కొట్టించాలి.

ఆయిలు కొలతలు ఇంచుమించుగా ఇవి. ఐదు గేర్ల బాక్సుకు 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసుకు 0.8, ముందు డిఫరెన్షియల్‌కు 2, వెనకదానికి 1.5 లీటర్లు. డిఫరెన్షియళ్లకు జీఎల్-5 గ్రేడు గేరు ఆయిలు తప్పనిసరి. గేరుబాక్సులో జీఎల్-4 పోయడం మేలు, జీఎల్-5లో ఎక్కువగా ఉండే గంధకపు రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులకు పడవు. పాత ఆయిలు దించేముందు నింపే బిరడా తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలి. కింది బిరడా విప్పి అంతా కార్చేశాక పైది తుప్పుపట్టి తిరగకపోతే బండి అక్కడే ఉండిపోతుంది.

ఇంజను గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు, అదే దాని గొప్ప. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో పాత యజమాని కాగితం చూపించకపోతే మార్చలేదనే అనుకోవాలి, టెన్షనరు, వాటర్ పంపు కూడా అప్పుడే మార్పించాలి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజను వేడిని అదుపులో ఉంచే కవాటం) తీసి పారేయడం మన వర్క్‌షాపుల్లో పాత జాడ్యం. ఎంపీఎఫ్‌ఐ బండిలో అది తీసేస్తే ఇంజను ఎప్పటికీ చల్లగానే ఉందని కంప్యూటరు అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. అసలు కారణం చాలావరకు రేడియేటరు రెక్కల్లో ఎండిన బురద. లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి కడిగితే పోతుంది. హెడ్‌లైట్లు మసకగా ఉంటే బల్బుల మీద పడొద్దు. కరెంటంతా స్విచ్చు గుండా తిరిగి వస్తూ దారిలో తగ్గిపోతుంది. రిలే పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగితే అదే బల్బు కళ్లు తెరుస్తుంది.

వీటన్నిటికీ బజారులో మందుంది. తుప్పుకు లేదు. కొనేటప్పుడు మ్యాట్లు లేపి నేల రేకు చూడండి, వెనక చక్రాల మీది మూలలు, ముందద్దం ఫ్రేము కింది అంచు, బాడీని ఛాసిస్‌కు బిగించే మౌంట్ల చుట్టూ స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. నేల రేకుకు టింకరింగు చేయించవచ్చు. వెనక కమాన్ కట్టల హ్యాంగర్లు ఛాసిస్‌కు అతికిన చోట తుప్పు తిని ఉంటే, ఎంత ముచ్చటైన బండైనా వదిలేసి రావాలి. బురదలో తిరిగొచ్చాక జనం పైపెయింటు కడుగుతారు. కడగాల్సింది ఛాసిస్ లోపలి గొట్టాలను.

సౌకర్యం సంగతి క్లుప్తంగా: లేదు. పవర్ స్టీరింగ్ లేదు, వెనక సీట్లు ఎదురెదురు బల్లలు, ఒక్కరే కూర్చుంటే కమాన్ కట్టలు వంగనే వంగవు. మైలేజీ ఊళ్లో ఎనిమిది, తొమ్మిది, హైవేలో పదకొండు వస్తే సంతోషించాలి.

పెద్ద టైర్ల మోజు అందరికీ ఉంటుంది. 205/70 ఆర్15 తీసి 235/75 ఆర్15 వేస్తే చక్రం వ్యాసం సుమారు పది శాతం పెరుగుతుంది. అసలు 60లో పోతుంటే మీటరు 55 చూపిస్తుంది, ఐదో గేరు హైవేలో దాదాపు పనికిరాకుండా పోతుంది, బూస్టరు లేని బ్రేకులు ఇంకా బలహీనంగా తోస్తాయి. కమాన్ కట్టలు మార్చి ఎత్తు పెంచితే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి కొత్త వణుకు మొదలవుతుంది. కొత్త కట్టలు వేయించినవాళ్లు ఐదొందల కిలోమీటర్లయ్యాక యూ-బోల్టులు మళ్లీ బిగించుకోవాలి, మొదటి బిగువు నిలవదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపం మార్చడం నేరం కాబట్టి ఫిట్‌నెస్ పరీక్షనాటికి అసలు టైర్లు, అసలు టాపు ఇంట్లో భద్రంగా ఉండాలి. పదిహేనేళ్లు నిండేముందు ఫారం 25తో ఆర్‌సీ రెన్యువల్‌కు పెట్టుకోవాలి, గడువుకు అరవై రోజుల ముందు నుంచే తీసుకుంటారు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి అదే తంతు. తనిఖీకి తీసుకెళ్లే ముందురోజు ఛాసిస్ మీద నంబరు చెక్కిన చోట గ్రీజు, మట్టి గోకి కిరసనాయిలుతో తుడిచి ఉంచండి. అక్కడ తుప్పు తిని అంకె చదవలేకపోతే మిగతా బండి ఎంత బాగున్నా కాగితం కదలదు.