మేత కొట్టు బిల్లింగ్ పనికి విజువల్ స్టూడియో కమ్యూనిటీ: రెండేళ్లు వాడాక

కావలిలో ఇంటి దగ్గరే కూర్చుని చిన్న వ్యాపారాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. ఇప్పుడు చేతిలో ఉన్నవి రెండు. ఒకటి అల్లూరు వైపు రొయ్యల మేత అమ్మే కొట్టుది, రెండోది కోవూరు దగ్గర ఒక రైస్ మిల్లుది. రెండూ సీ షార్ప్ భాషలో రాసినవి, విండోస్ ఫారమ్స్ (విండోస్‌లో కిటికీలు, బటన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) మీద నడుస్తాయి. రెండిటికీ నేను వాడేది విజువల్ స్టూడియో 2022 కమ్యూనిటీ ఎడిషనే, అంటే ప్రోగ్రాములు రాయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధనం. విండోస్ ఫారమ్స్ 2002 నాటిది, పాతబడిపోయిందని అంటారు. మౌస్ ముట్టకుండా ఎంటర్ కొట్టుకుంటూ బిల్లు వేసే గుమాస్తాకి ఇంతకంటే హాయైనది నాకు కనపడలేదు.

ఎడిటర్ గురించి, డీబగ్గర్ గురించి చాలామంది రాశారు. నేను ఒక్క పని గురించే రాస్తాను. వేరే లైబ్రరీలో (చాలా ప్రోగ్రాములు వాడుకునే కోడ్ మూట) పెట్టుకున్న మన సొంత కంట్రోల్ (ఫారం మీద పెట్టే బటన్ లాంటి భాగం) నుంచి అప్లికేషన్‌లోని ఫారం (తెర మీద వచ్చే కిటికీ) తెరవడం. చెప్పడానికి చిన్నదే. నా టైమ్ ఎక్కువ తిన్నది మాత్రం ఇదే.

నా కంట్రోల్ పేరు రైతుపెట్టె. ఒక టెక్స్ట్ బాక్స్, పక్కన చిన్న బటన్. ఖాతా నంబరో పేరులో నాలుగు అక్షరాలో కొడితే రైతు పేరు, బాకీ చూపిస్తుంది. రైతు కొత్తవాడైతే బటన్ నొక్కగానే ఖాతా తెరిచే ఫారం రావాలి. రెండు అప్లికేషన్లకూ ఇది కావాలి కాబట్టి విడిగా క్లాస్ లైబ్రరీలో పెట్టాను. ఖాతా ఫారం మాత్రం దేనిది దానికే ఉంటుంది. మేత కొట్టులో ఎన్ని చెరువులు, ఎన్ని ఎకరాలు, సీడ్ (రొయ్య పిల్లలు) ఎప్పుడు వదిలారు అని అడగాలి, ఎందుకంటే పట్టుబడి (రొయ్యలు పట్టే రోజు) దాకా మేత అప్పు మీదే పోతుంది. మిల్లులో లెక్కంతా పుట్లలో. మా జిల్లాలో పుట్టి అంటే 850 కిలోలు. ఈ రెండు ఫారాలూ ఒకటి కావు, కాకూడదు.

అప్లికేషన్ ఎలాగూ లైబ్రరీని రిఫర్ చేస్తుంది, అంటే దాని కోడ్ వాడుకుంటుంది. మరి లైబ్రరీ నుంచి అప్లికేషన్‌ని కూడా రిఫర్ చేద్దామంటే విజువల్ స్టూడియో ఒప్పుకోదు. సర్క్యులర్ డిపెండెన్సీ (ఒకదాని మీద ఒకటి ఆధారపడే చక్రం) వస్తుందని ఒక బాక్స్ చూపించి ఆపేస్తుంది. మొదట్లో నాకు ఆ బాక్స్ మీద ఒళ్లు మండేది. ఇప్పుడు అది చెప్పిందే సబబు అంటాను. మేత కొట్టు ఫారం పేరు తెలిసిన కంట్రోల్ మిల్లుకి దేనికి పనికొస్తుంది?

నాకంటే ముందు మేత కొట్టుకి రాసిన కుర్రాడు దీనికి అడ్డదారి పట్టాడు. ఫారం పేరుని స్ట్రింగ్‌లో (ఉత్త అక్షరాలుగా) రాసి, నడిచే అప్లికేషన్‌లో ఆ పేరున్న క్లాస్‌ని (ఆ ఫారం కోడ్‌ని) రిఫ్లెక్షన్‌తో, అంటే పేరుని బట్టి కోడ్ పట్టుకునే పద్ధతితో, వెతికి తెరిపించాడు. పనిచేసింది కూడా. తర్వాత నేను ఆ ఫారం పేరు మార్చాను. పేరు మార్చే చోట స్ట్రింగ్స్‌లో కూడా మార్చమనే టిక్ ఒకటి ఉంటుంది, నేను పెట్టలేదు. బిల్డ్ శుభ్రంగా అయింది, ఒక్క ఎర్ర గీత లేదు. మర్నాడు తెల్లారి ఐదున్నరకి ఫోన్. "ఏందబ్బయా, కొత్త ఖాతా తెరుచుకోడం లేదు. రైతు ఆటో పెట్టుకుని నిలబడున్నాడు." కొట్టు యజమానిని నేను పెదనాయనా అని పిలుస్తాను. "పెదనాయనా, ఈ ఒక్క బిల్లు కాగితం మీద రాసియ్యి, వస్తన్నా" అని బండి తీశాను. ఆ పొద్దు పడిన టెన్షన్ ఇంకా గుర్తుంది.

ఆ రోజే స్ట్రింగ్ తీసేసి ఈవెంట్ పెట్టాను, అంటే ఫలానాది జరిగిందని కంట్రోల్ వేసే కేక. ఇప్పుడు రైతుపెట్టె ఏ ఫారాన్నీ తెరవదు, "కొత్తరైతుకావాలి" అని ఈవెంట్ లేపుతుందంతే. దాంతోపాటు గుమాస్తా కొట్టిన పేరు పంపుతుంది, జవాబుగా వచ్చే ఖాతా నంబరుకి ఖాళీ చోటు ఉంచుతుంది. బిల్లు ఫారం ఆ ఈవెంట్ అందుకుని, తన ఖాతా ఫారాన్ని షోడైలాగ్‌తో (ఆ ఫారం మూసేదాకా వెనక ఫారం ఆగే పద్ధతి) తెరిచి, ఓకే వస్తే నంబరు ఆ చోట్లో పెడుతుంది. కంట్రోల్ ఆ నంబరు తీసుకుని పేరు నింపుకుంటుంది. ఒకటి గుర్తుంచుకోండి. షోడైలాగ్‌తో తెరిచిన ఫారం మూసినా డిస్పోజ్ కాదు, అంటే పట్టుకున్న వనరులు వదలదు. పనయ్యాక తనే వదిలించే యూజింగ్ బ్లాక్‌లో పెట్టాలి.

విజువల్ స్టూడియో మీద నాకు ప్రేమ పుట్టింది ఇక్కడే. ప్రాపర్టీస్ విండోలో మెరుపు గుర్తు నొక్కితే నా ఈవెంట్ మిగతా వాటితోపాటు వరసలో ఉంటుంది. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే హ్యాండ్లర్ (ఈవెంట్ వస్తే నడిచే ఫంక్షన్) చట్రం తనే రాసిపెడుతుంది. ఈవెంట్ పైన డిస్క్రిప్షన్ ఆట్రిబ్యూట్‌లో "ఖాతా లేని రైతు వచ్చినప్పుడు" అని తెలుగులో రాశాను. విండో అడుగున ఆ వాక్యం తెలుగులోనే కనపడింది. మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడని పిలిచి చూపించాను.

మేత కొట్టులో రైతుపెట్టె పదిహేడు ఫారాల మీద ఉంది. పదిహేడు చోట్ల అదే హ్యాండ్లర్ రాయడం దండగ. అందుకని లైబ్రరీలోనే ఒక స్టాటిక్ డెలిగేట్ (ఒక ఫంక్షన్‌ని పట్టుకుని ఉండే, అన్ని ఫారాలకీ ఒక్కటే అయిన చోటు) పెట్టాను. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు, అప్లికేషన్ డాట్ రన్ (మొదటి ఫారం చూపించే లైను) కంటే ముందే, మెయిన్‌లో (ప్రోగ్రాం మొదలయ్యే ఫంక్షన్) దానికి తన ఫారం తెరిచే ఫంక్షన్ అప్పజెప్తుంది. ఈవెంట్ ఎవరూ పట్టుకోకపోతే కంట్రోల్ దాన్ని పిలుస్తుంది. పిలిచేటప్పుడు ఫైండ్‌ఫారం ఇచ్చిన ఫారాన్ని, అంటే కంట్రోల్ ఉన్న ఫారాన్ని, ఓనర్‌గా పంపాలి, లేకపోతే తెరుచుకున్న కిటికీ వెనక్కి పోవచ్చు. డిజైనర్‌లో (ఫారం గీసుకునే తెర) మెయిన్ నడవదు కాబట్టి అక్కడ డెలిగేట్ నల్‌గానే (ఖాళీగానే) ఉంటుంది. ఆ సంగతి ముందే చూసుకోండి.

డిజైనర్ గురించి ఇంకో మాట. కంట్రోల్‌ని ఫారం మీదికి లాగగానే దాని కన్‌స్ట్రక్టర్ (కంట్రోల్ పుట్టేటప్పుడు నడిచే కోడ్) నిజంగానే నడుస్తుంది. నేను అందులో డేటాబేస్ కనెక్షన్ పెట్టాను. డేటాబేస్ అల్లూరులో, నేను కావలిలో, ఫారం బదులు ఎర్రర్ పేజీ. తప్పు నాదే. డిజైనర్‌లో ఉన్నామా అని చెప్పే డిజైన్‌మోడ్ ప్రాపర్టీ కన్‌స్ట్రక్టర్‌లో ఇంకా ఫాల్స్‌గానే ఉంటుంది కాబట్టి అక్కడ దాన్ని నమ్మకండి. కనెక్షన్‌ని అక్కడి నుంచి తీసేసి, మొదటిసారి వెతికేటప్పుడే తెరిచేలా మార్చాను.

నాలాగా ఒంటరిగా పనిచేసేవాళ్లు కమ్యూనిటీ ఎడిషన్‌లో రాసి డబ్బులకి అమ్ముకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. పెద్ద సంస్థలకి వేరే నిబంధనలున్నాయి, అవి చదువుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డాట్‌నెట్ డెస్క్‌టాప్ డెవలప్‌మెంట్ ఒక్కటే టిక్ పెట్టండి, మిగతావి పెడితే డిస్క్ నిండిపోతుంది. నెట్ సరిగ్గా లేని ఊళ్లో ఉంటే లేఅవుట్ ఆప్షన్‌తో అంతా ఒకసారి హార్డ్ డిస్క్‌లోకి దించుకుని, అక్కడి నుంచి ఎన్ని మెషిన్లకైనా ఎక్కించుకోవచ్చు.

పోయిన నెల మిల్లులో కాటా ఫారానికి రైతుపెట్టె పెట్టాల్సి వచ్చింది. లాగి వదిలాను, మెయిన్‌లో ఒక్క లైను రాశాను. బటన్ నొక్కితే పుట్ల ఫారం తెరుచుకుంది. లైబ్రరీలో ఒక్క అక్షరం ముట్టుకోలేదు.