‘ఫుల్ మెటల్’ పొక్లెయిన్ కిట్ కొనేముందు ఇది చదవండి

1:14 స్కేల్లో, అంటే అసలు బండిలో పద్నాలుగో వంతు సైజులో, ఇరవై టన్నుల పొక్లెయిన్ మోడల్, ‘ఫుల్ మెటల్ కిట్’ అని ఆన్‌లైన్‌లో ఒకటి అమ్ముతున్నారు. దయచేసి తొందరపడి ఆర్డర్ పెట్టకండి. నేను 42,000 రూపాయలు పోసి తెప్పించుకున్నాను. వానాకాలం దాటేసరికి దాని ట్రాక్ చైను లింకులు వాటంతటవే పగలడం మొదలైంది. మన గోదావరి జిల్లాల్లో ఇలా లోహపు మోడళ్లు కట్టుకునేవాళ్లం పట్టుమని పదిమందిమి ఉంటామో లేదో. ఒకరికి తగిలిన దెబ్బ ఇంకొకరికి తగలకూడదని వివరంగా రాస్తున్నాను.

చెరువులు తవ్వే పొక్లెయిన్లను, కాలువలకు నీళ్లు ఆపేశాక పూడిక తీసే లాంగ్ బూమ్ బండ్లను గట్టు మీద నిలబడి చూస్తూ పెరిగినవాళ్లం మనం. ఆ బరువు, ట్రాకులు తిరిగేటప్పటి ఆ చప్పుడు ప్లాస్టిక్ మోడల్‌లో రావు. అందుకే డబ్బు కట్టకముందే అమ్మేవాళ్లను మెసేజ్‌లో అడిగాను, ట్రాక్ లింకులు స్టీలా, పోతపోసినవా అని. ‘ప్యూర్ మెటల్ సర్, లైఫ్‌లాంగ్ ఉంటుంది’ అన్నారు. మళ్లీ అడిగితే ‘అవును సర్, స్టీలే’ అన్నారు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

ఆగస్టులో లింకుల మీద నల్ల పెయింట్ పొక్కులు లేచింది. గోటితో గీకితే పెచ్చు ఊడి వచ్చింది, కింద లోహం మీద వెంట్రుకంత సన్నటి పగుళ్లు అల్లుకుని ఉన్నాయి. దీపావళి నాటికి పిన్ను దూరే చెవుల దగ్గర లింకులు ఉబ్బిపోయి, పిన్నులు బిగుసుకుపోయాయి. ఒక లింకును పట్టకారుతో పట్టి కాస్త వంచానో లేదో టప్పున విరిగింది. విరిగిన చోట మెరుపన్నది లేదు, బూడిదరంగులో గరుకుగా పలుకులు తేలి ఉంది. స్టీలైతే ముందు వంగుతుంది, ఇలా విరగదు.

అనుమానం తీరక ఆ ముక్కలు జేబులో వేసుకుని అజ్జరం వెళ్లాను. ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ ఊరు కదా, పోత సంగతి వాళ్లకంటే ఎవరికి బాగా తెలుస్తుంది? అక్కడ ఒక పెద్దాయనకి ‘బాబాయ్ గారూ, ఇదేం లోహమండీ’ అని చూపిస్తే, చేతిలో ఎగరేసి చూసి, విరిగిన అంచు మీద గోరు రాసి, ‘ఇది ఇత్తడీ కాదు, ఇనుమూ కాదు బాబూ. జింకు పోత. అందులోనూ ఏదో తుక్కు కరిగించి పోసేశారు’ అన్నారు.

జింకు పోత అంటేనే చెడ్డదని నేను అనను. మంచి కంపెనీల 1:50 మోడళ్లు చాలావరకు ఆ మిశ్రమంతోనే వస్తాయి, ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటాయి. జింకులో 4 శాతం వరకు అల్యూమినియం కలిపే ఆ మిశ్రమాన్ని జమాక్ అంటారు, 1929లో అమెరికాలో తయారుచేశారు. అందులో వాడే జింకు శుభ్రంగా ఉండాలి, కిటుకంతా అక్కడే. సీసం లక్ష పాళ్లలో 5 పాళ్లు మించకూడదని ప్రమాణం. సీసం, తగరం, కాడ్మియం అంతకుమించి చేరితే లోహపు రేణువుల మధ్య సందుల వెంట తుప్పు లోపల్లోపలే పాకుతుంది. పోత ఉబ్బుతుంది, వంకర పోతుంది, చివరికి పొడి రాలిపోతుంది. దీన్నే జింక్ పెస్ట్ అంటారు. వేడి, తేమ కలిస్తే ఇది ఇంకా త్వరగా ముదురుతుంది. మన డెల్టాలో ఆ రెండింటికీ కొదవేముంది? ఒకసారి మొదలైతే మందు లేదు. పొడిగా, చల్లగా ఉంచితే కొంత నెమ్మదిస్తుందేమో గానీ, కొత్త పెయింట్ వేసినా, నూనె పూసినా ఆగదు.

స్కేలూ అబద్ధమే. ఈ కిట్‌కి నమూనా అయిన కొమాట్సు పీసీ200 అసలు బండి పొడవు సుమారు 9.4 మీటర్లు. 1:14లో అది 67 సెంటీమీటర్లు ఉండాలి. నాకు వచ్చింది 56, అంటే దాదాపు 1:17. టమియా అనే మోడళ్ల కంపెనీ వాళ్ల 1:14 టిప్పర్ పక్కన పెడితే బకెట్ లారీ తొట్టి మీదకి సరిగా అందడం లేదు.

మీ దగ్గరికి పార్సిల్ వచ్చిన రోజే, రిటర్న్ గడువు ఉండగానే, వీడియో తీస్తూ పరీక్ష చేయండి. అయస్కాంతం మామూలు స్టీలుకే అంటుతుంది. జింకు, ఇత్తడి, అల్యూమినియం దేనికీ అంటదు. పిన్నులు మాత్రం స్టీలువి పెట్టి మాయ చేస్తున్నారు కాబట్టి పిన్ను లాగేసి లింకు ఒక్కదాన్నే చూడండి. స్టెయిన్‌లెస్ స్టీల్ అని దబాయిస్తే నీళ్ల పరీక్ష ఉంది. చిన్న డిజిటల్ కాటా మీద గ్లాసుడు నీళ్లు పెట్టి సున్నా చేసి, 100 గ్రాముల లింకులను దారంతో కట్టి, అడుగు తగలకుండా నీళ్లలో ముంచండి. కాటా సుమారు 13 గ్రాములు చూపిస్తే స్టీలు, 12 లోపు అయితే ఇత్తడి, 15 చూపిస్తే జింకు పోత. నేను తూచినప్పుడు 15 కూడా దాటింది, లోపల గాలి బుడగలు కూడా ఉన్నాయేమో.

పెట్టె మీద చీటీ కూడా చూడండి. దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, నెల, సంవత్సరం ఉండి తీరాలి. నా పెట్టె మీద ఎమ్మార్పీ తప్ప ఏమీ లేదు. ఎన్నేళ్ల నాటి పాత సరుకో ఎవరికెరుక!

డబ్బు వెనక్కి అడిగితే వచ్చిన జవాబు: ‘7 రోజుల గడువు అయిపోయింది, మీ ఊరి తేమకి మేం బాధ్యులం కాదు.’ ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. తేమకి ఆగని సరుకుని భీమవరానికో అమలాపురానికో స్టీలని చెప్పి ఎలా అమ్ముతారు? 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. వీళ్లు రెండూ చేయలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు. ఇదే కిట్ కొని ఇబ్బంది పడుతున్నవాళ్లు ఉంటే బిల్లు, మెసేజ్‌లు, విరిగిన ముక్కలు పారేయకుండా దాచండి, నాతో కలవండి.

ఇంకో సంగతి. అదే సరుకు ఈమధ్య వేరే దుకాణం పేరుతో, 3,000 తగ్గించి మళ్లీ పెట్టారు. ఫొటోలు అవే. గుర్తుపట్టడం తేలిక: మొదటి ఫొటోలో బకెట్‌కి ఐదు పళ్లు ఉంటాయి, విడిభాగాలన్నీ పరిచిన ఫొటోలో నాలుగే ఉంటాయి.