సింప్సన్స్ కోసం ఏడాది చందా కట్టబోయేవారికి ఒక హెచ్చరిక

శ్రీకాకుళంలో గానీ చుట్టుపక్కల ఊళ్లలో గానీ ఒక కుటుంబం కథ చెప్పే అమెరికా బొమ్మల ధారావాహిక "ది సింప్సన్స్" చూడాలన్న కోరికతో, ఇంటర్నెట్ కనెక్షన్ల దుకాణాలవారు అమ్ముతున్న ఏడాది ఓటీటీ ప్యాక్ కొనబోతున్నవారు దయచేసి ఇది చదివిన తరువాతే డబ్బు కట్టండి. దసరాకు ముందు ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక దుకాణంలో నేను 1,499 రూపాయలు ఒకేసారి కట్టి ఆ ప్యాక్ తీసుకున్నాను. "మొదటి నుంచి చివరిదాకా అన్నీ ఉన్నాయి మాస్టారూ, తెలుగు సబ్‌టైటిల్స్ కూడా వస్తాయి, కళ్లు మూసుకొని కట్టేయండి" అన్నాడు అక్కడి కుర్రవాడు. కళ్లు తెరుచుకొని చూడవలసిన వస్తువుకు కళ్లు మూసుకొని డబ్బు కట్టడం నా తప్పే.

ఇంటికి వచ్చి చూస్తే తెరుచుకున్నవి 34, 35, 36 సీజన్లు మాత్రమే. పాత సీజన్ల బొమ్మలన్నీ వరుసగా కనిపిస్తాయి గానీ, వాటిని నొక్కితే మరో ప్యాక్ కొనమంటుంది. 36వ సీజన్‌లో అమెరికా టీవీలో రాకుండా నేరుగా ఓటీటీలో విడుదలైన నాలుగు ఎపిసోడ్లు కూడా నాకు దొరకలేదు. ఇక "చివరిదాకా" అన్న మాటకైతే అర్థమే లేదు, ఎందుకంటే 1989 డిసెంబర్ 17న మొదలైన ఈ ధారావాహికను 2025 ఏప్రిల్‌లో మరో నాలుగు సీజన్లు పొడిగించారు. అంటే 40వ సీజన్ వరకూ వస్తుంది, అక్కడైనా ఆగుతుందో లేదో తెలియని దాని చివరను ఆ కుర్రవాడు నాకు ముందే అమ్మేశాడన్నమాట.

తెలుగు సబ్‌టైటిల్స్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ కుటుంబంలోని తండ్రి హోమర్ ఏదైనా చెడగొట్టుకున్నప్పుడు "డోహ్" అని అరుస్తాడు; ఆ అరుపు 2001లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. మా ఇంటి తెర మీద మాత్రం ఆ శబ్దం వచ్చిన ప్రతిసారీ "పిండి" అని పడుతోంది. యంత్రం దాన్ని ఇంగ్లీషులో రొట్టెల పిండికి వాడే "డో" అన్న మాట అనుకొని ఉంటుంది. మా ఆవిడ మొదటి రోజు, ఆ పసుప్పచ్చ మనిషికి వంటల పిచ్చి కాబోలు అనుకొని, దెబ్బ తగిలినప్పుడల్లా పిండిని ఎందుకు తలుచుకుంటున్నాడని నన్ను అడిగింది. నిజం చెప్పాలంటే, ఆ మూడు సీజన్లలో మేము అన్నిటికన్నా గట్టిగా నవ్వింది దానికే.

ఎపిసోడ్లు బాగుంటే ఈ లోపాలన్నిటినీ నేను సర్దుకొని ఊరుకునేవాణ్ణి. కొత్త సహస్రాబ్ది మొదట్లో కేబుల్‌లో వచ్చే పాత ఎపిసోడ్లను పదేళ్ల మా అబ్బాయితో కలిసి చూసినవాణ్ణి కాబట్టి నాకు ఈ కుటుంబం మీద మమకారం ఉంది. అప్పుడు హోమర్ కొడుకు బార్ట్ వయసువాడైన మా అబ్బాయి ఇప్పుడు హోమర్ వయసుకు వచ్చాడు. బార్ట్‌కు ఇంకా పదేళ్లే, చెల్లెలు లీసాకు ఎనిమిదే. వయసు పెరగకపోవడాన్ని నేను తప్పుపట్టను, అది బొమ్మల కథకున్న హక్కు. అయితే ఆ హక్కును కాపాడుకోవడానికి రచయితలు గతాన్నే జరుపుకుంటూ పోతున్నారు. 1991 నాటి ఎపిసోడ్‌లో హోమర్, అతని భార్య మార్జ్ 1974లో హైస్కూలు చదువు ముగిస్తున్నవారు. 2008లో వచ్చిన మరో ఎపిసోడ్‌లో వాళ్ల పడుచుదనమంతా 1990ల నాటిదైపోయింది. నిన్నటి జ్ఞాపకానికి నిలకడ లేనప్పుడు నేటి కష్టానికి బరువు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇటీవలి సీజన్ల అసలు జబ్బు ఇదే. పెద్ద పెద్ద సంఘటనలను తెస్తారు, వెంటనే వెనక్కి తీసేసుకుంటారు. 2024 సెప్టెంబర్ 29న వచ్చిన 36వ సీజన్ మొదటి ఎపిసోడ్‌ను మొత్తం ధారావాహికకే చివరి ఎపిసోడ్ అన్నట్టు నటిస్తూ తీశారు. ఒకప్పుడు ఇదే ధారావాహికకు రచయితగా పనిచేసిన కోనన్ ఓబ్రయన్‌ను వ్యాఖ్యాతగా నిలబెట్టి, కృత్రిమ మేధ చేత ముగింపు రాయించామని చెప్పించారు. ఆలోచన తెలివైనదే. కానీ అందులోని హాస్యమంతా అమెరికా ధారావాహికల ముగింపుల మీద వేసిన ఎత్తిపొడుపు కావడంతో, వాటిని చూడని మాబోటివారికి ఊళ్లోవాళ్లంతా వరుసగా వీడ్కోలు తీసుకోవడం తప్ప ఇంకేమీ కనిపించదు. అదే సీజన్ 2025 మే 18న మార్జ్ చనిపోయిన భవిష్యత్తును చూపించి ముగిసింది. తల్లి పోయాక అన్నాచెల్లెళ్లు ఎడమైపోవడం ఏ ఇంట్లోనైనా గుండె పట్టే విషయం. ఆ దుఃఖం కుదురుకోకముందే మార్జ్ స్వర్గంలో బీటిల్స్ బృందంలోని రింగో స్టార్‌ను పెళ్లాడి కనిపిస్తుంది. అటు పెద్దగా నవ్వూ రాలేదు, ఇటు ఏడుపూ నిలవలేదు.

వీటిలో కాస్త మెరుగైనది 2024 ఏప్రిల్‌లో వచ్చిన, హోమర్ రోజూ వెళ్లే మో అనేవాడి సారాదుకాణంలో మొదటి నుంచీ మూలన కూర్చునే లారీ చనిపోయే ఎపిసోడ్. ఇన్నేళ్లు పక్కన కూర్చున్న మనిషి గురించి తమకు ఏమీ తెలియదని హోమర్ బృందానికి తట్టే క్షణం చూసి, పాత రోజులు తిరిగి వచ్చాయనుకున్నాను. అంతలోనే రత్నాల దొంగరవాణా, దుండగులు వచ్చిపడి ఆ నిశ్శబ్దాన్ని తినేశారు.

తెలుగువారిగా మనకు మరింత చేదైన సంగతి ఈ ధారావాహికలోని భారతీయ కిరాణా కొట్టు యజమాని అపుది. (మా అబ్బాయి అతన్ని "అప్పు" అని పిలిచేవాడు, కొట్టువాడికి తగిన పేరే.) అపుకు గొంతు ఇచ్చిన అమెరికన్ నటుడు హాంక్ అజారియా పెట్టిన యాస వల్ల అక్కడి భారతీయ పిల్లలు ఎంత ఎగతాళికి గురయ్యారో 2017లో ఒక డాక్యుమెంటరీ ద్వారా అడిగినవాడు న్యూయార్క్‌లో పెరిగిన తెలుగింటి బిడ్డ హరి కొండబోలు. దానికి 2018 ఏప్రిల్‌లో, ఒకప్పుడు మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయితే ఏం చేయగలం అన్న ధోరణిలో లీసా నోట జవాబు చెప్పించారు. ఎప్పుడూ న్యాయం పక్షాన నిలిచే పిల్ల చేత ఆ మాట అనిపించడం నాకు మింగుడుపడలేదు. 2020 జనవరిలో అజారియా ఆ పాత్ర నుంచి తప్పుకున్నాడు. ఆ తరువాత నల్లజాతి పాత్రలైన కార్ల్‌కూ డాక్టర్ హిబ్బర్ట్‌కూ కొత్త నటుల గొంతులు దొరికాయి గానీ, అపు మాత్రం గుంపులో ఒక మూల మాట లేకుండా నిలబడి ఉంటున్నాడు. మనవాడు అడిగింది ఆ మనిషికి మర్యాద ఇమ్మని. వాళ్లు నోరు కట్టేశారు.

డబ్బు వెనక్కి ఇమ్మంటే దుకాణంవారు కంపెనీని అడగమన్నారు, కంపెనీవారు దుకాణాన్ని అడగమన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు. మీరు కొంటే రసీదు మీద ఏయే సీజన్లు వస్తాయో రాయించుకోండి. ఏడాదికి కాకుండా ఒక్క నెలకే కట్టండి. చందా దానంతట అదే పునరుద్ధరణ కాకుండా యూపీఐ యాప్‌లో ఆటోపే రద్దు చేసుకోండి. అన్నిటికన్నా ముందు, డబ్బు చేతికి ఇవ్వకుండా, మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్‌ను ఆ దుకాణంలోని టీవీలోనే పెట్టి చూపించమనండి. క్రిస్మస్ ముందురాత్రి పందెంలో ఓడిపోయిన బక్క కుక్కను హోమర్, బార్ట్ ఇంటికి తెచ్చుకొనే కథ అది. ఆ కుక్క తెర మీద కనిపించాకే జేబులో చెయ్యి పెట్టండి.