తెల్ల డాబా కింద మూడు వేసవులు

నాకు ఫైబ్రోమయాల్జియా అని తేలి ఏడేళ్లయింది. ఎక్కడ నొక్కినా నొప్పి, పొద్దున లేచేసరికే రాత్రంతా బస్తాలు మోసినట్టు అలసట. రక్త పరీక్షల్లో, ఎక్స్‌రేల్లో ఏమీ కనపడదు కాబట్టి "ఏముంది, టెన్షన్ అంతే" అనేవాళ్లే ఎక్కువ. ఆ గోడు ఈ జబ్బున్న అందరికీ తెలిసిందే, వదిలేస్తాను. నేను చెప్పాలనుకున్నది మా డాబా మీద వేయించిన తెల్ల పెయింటు గురించి. కూల్ రూఫ్ కోటింగ్ అంటారు, ఎండను వెనక్కి కొట్టి స్లాబ్ అంతగా వేడెక్కకుండా చూస్తుంది. 2023 ఏప్రిల్‌లో మొదటిసారి వేయించాను. మూడు వేసవులు దాని కింద పడుకున్నాక చెప్తున్నాను, ఇన్నేళ్లలో నా ఒంటి కోసం పెట్టిన ఖర్చుల్లో ఇంత హాయినిచ్చింది ఇంకోటి లేదు.

మేముండేది మల్కాజిగిరిలో, అద్దెకు, పై పోర్షన్‌లో. ఒకరోజు రాత్రి అటక మీది దుప్పటి తీద్దామని కుర్చీ ఎక్కితే పైకప్పుకి చెయ్యి తగిలింది. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా ఉంది. టైము పదకొండు దాటింది. పగలంతా తాగిన ఎండను స్లాబ్ రాత్రంతా వదులుతుందని అందరూ అంటారు కానీ, చేత్తో తాకి చూసింది ఆరోజే. ఫ్యాన్ ఆ సెగనే కిందికి తోస్తోంది. కూలర్ పెడితే గదంతా తేమ, కీళ్లు బిగుసుకునేవి. ఏసీ గాలి మెడకు పడేది కాదు. రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి మెలకువ. గాఢనిద్ర పట్టాలంటే ఒంటి వేడి కొద్దిగా దిగాలి. నిద్ర తెగితే నొప్పిని ఓర్చుకునే శక్తి తగ్గుతుందని మా డాక్టరమ్మ ప్రతిసారీ చెప్పేవారు. నేనేమో ప్రతిసారీ "ఏం తినాలి మేడం?" అనే అడిగేదాన్ని.

ఆ 2023 ఏప్రిల్‌లోనే తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 600 గజాలు, ఆ పైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్లకి తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి ఎవరిష్టం వాళ్లది. మాది 200 గజాల ఇల్లు. ఓనర్ అంకుల్‌ని అడిగితే "మీ ఖర్చుతో వేయించుకుంటే నాకేం అభ్యంతరం లేదమ్మా" అన్నారు. వేయించాక రాత్రి పదకొండింటికి గదిలో థర్మామీటర్ 36 బదులు 33 చూపించింది. మూడు డిగ్రీలేగా అనిపించొచ్చు. పదిరోజుల తర్వాత ఒక పొద్దున మా పాపకి రెండు జడలూ ఆపకుండా వేసేశాను. అంతకుముందు ఒక జడ అయ్యాక చేతులు దించి, వేళ్లు విదిలించుకుని, అప్పుడు రెండోది మొదలుపెట్టేదాన్ని. పాపే గమనించి "అమ్మా, అయిపోయిందా?" అంది.

ఆ సంతోషంలో తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసి వేయించుకోమని చెప్పేశాను. తొందరపడ్డాను. జులైలో వానలు పట్టగానే పెయింటు పొలుసులు పొలుసులుగా లేచింది. వేసిన మనిషి డాబాని చీపురుతో ఊడ్చి అలాగే పూసేశాడు, పాత పాచి కిందే ఉండిపోయింది. లేచిన పొరలు వాననీళ్ల పైపులో ఇరుక్కున్నాయి. ఒక రాత్రంతా డాబా మీద నీళ్లు నిలబడి, పొద్దున సరిగ్గా నా మంచం మీదికి పైకప్పులో చాప వెడల్పున చెమ్మ దిగింది. బూజు వాసన, తడి గాలి, దానికి తోడు ఓనర్ అంకుల్ ముందు తలెత్తుకోలేకపోవడం. ఆ రెండు వారాలు మంచం దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఫోన్ చేస్తే ఆ మనిషి ఎత్తలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

2024 మార్చిలో మళ్లీ వేయించాను, ఈసారి దగ్గరుండి. వైర్ బ్రష్‌తో పాచి గీకించి, కడిగించి, మూడు రోజులు ఎండనిచ్చాం. పగుళ్లు పూడ్చి, ప్రైమర్ కొట్టి, ఆ మీద పెయింటు రెండు పూతలు. పెయింటు, కూలి కలిపి 17 వేలైంది. అది నిలబడింది. అయితే మన సిటీ దుమ్ముకి డిసెంబర్ వచ్చేసరికి బూడిదరంగుకు తిరుగుతుంది. ఎండలు ముదరకముందే కడగాలి, లేకపోతే చల్లదనం తగ్గుతుంది. డాబా కడగడం నా వల్ల కాదు, మనిషిని పెట్టుకోవాల్సిందే. చలికాలంలో ఇంకో ఇబ్బంది. జనవరిలో గది ఇదివరకటికంటే చల్లగా ఉంటుంది, పొద్దున వేళ్లు బిగుసుకుపోవడం ఆ నెలలో ఎక్కువే. సాక్సులు వేసుకుని, చాప మీద దుప్పటి పరుచుకుని నెట్టుకొస్తున్నాను.

తిండి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఒకప్పుడు మా చుట్టాలందరికీ రాగిజావ, జొన్నరొట్టె గురించి తెగ చెప్పినదాన్ని నేనే. అవి ఇప్పటికీ తింటున్నాను, కడుపు తేలిగ్గా ఉంటుంది. నొప్పి మాత్రం వాటివల్ల తగ్గిందని ఇప్పుడు చెప్పలేను. విటమిన్ డి, బి12, ఐరన్ మూడూ తక్కువున్నాయని తేలి మందులు వాడాకే నీరసం సగం తగ్గింది. ఐరన్ మాత్ర వేసుకుంటున్నా మొదట్లో అంకె పెరగలేదు. టిఫిన్ అవ్వగానే మాత్ర, ఆ వెంటనే టీ, అదీ నా అలవాటు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో చదివాక టైము మార్చాను. టీలో ఉండే టానిన్లు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవట. ఆ తర్వాతి పరీక్షలో అంకె కదిలింది. సాయంత్రం ఆరింటి టీ కూడా మానేశాను. చాలా కష్టమైంది, రాత్రి నిద్రకి పనికొచ్చింది.

మరి వేయించుకోవాలా అంటే, మీరుండేది పై అంతస్తయి, ఎండాకాలం రాత్రుళ్లు నిద్రలేక నొప్పి పెరుగుతుంటే నేను వేయించుకోమంటాను. కింద ఇంకొకరి పోర్షన్‌లో ఉంటే మీకు దీనివల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. అద్దె ఇల్లయితే ముందు ఓనర్‌తో మాట్లాడండి, చెమ్మ దిగితే బాగుచేయించే బాధ్యత ఎవరిదో అప్పుడే తేల్చుకోండి. నేను ఈ జబ్బుకి వాడే మాత్రలు ఆపలేదు, మోతాదు తగ్గించింది మా డాక్టరమ్మే, అదీ ఏడాది చూశాక. నొప్పి ఇప్పటికీ ఉంది. వచ్చే మార్చికి డాబా కడగడానికి మనిషిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకున్నాను.