రోయింగ్ క్లబ్బులో చేరుతున్నారా? పడవ నీళ్ళలోకి దించే ముందు దాని అడుగు చూడండి

"పిల్లకి కాలేజీ అప్లికేషన్‌లో పనికొస్తుంది వదినా, చేర్చెయ్" అని తెలిసినావిడ ఒకరు చెబితే మా అమ్మాయిని రోయింగ్‌లో (తెడ్లేసి పడవ నడిపే ఆట) చేర్చాను. వారానికి మూడు రోజులు న్యూజెర్సీ నుంచి ఫిలడెల్ఫియాకి కారు నడిపి, ఒడ్డున కూర్చుని ఫోన్ చూసుకోవడం దేనికని నేనూ పెద్దవాళ్ళ బ్యాచిలో పేరిచ్చాను. మూడు నెలలు తిరక్కుండా 640 డాలర్ల బిల్లు చేతిలో పెట్టారు. నేను విరగ్గొట్టని వస్తువుకి.

క్లబ్ పేరు రాయను. స్కూల్‌కిల్ నది (రాసేది అలా గానీ అక్కడివాళ్ళు 'స్కూకుల్' అంటారు) ఒడ్డున పడవల క్లబ్బులకు కొదవ లేదు. వాటి సంఘమే 1858 నాటిది. నాకు జరిగింది ఏ క్లబ్బులోనైనా జరగొచ్చు, ఎందుకంటే తంటా అంతా చేరేటప్పుడు మనం చదవకుండా సంతకం పెట్టే కాగితంలోనే ఉంది. అందులో ఒక లైను: పడవకు దెబ్బ కనిపిస్తే, దాన్ని ఆఖరుగా వాడిన సభ్యులు మరమ్మతు ఖర్చు భరించాలి. పైకి న్యాయంగానే ఉంది. కానీ ఆ దెబ్బ ఎప్పుడు తగిలిందో ఎవరు చెప్పాలి?

ఒక శనివారం పొద్దున్న ఆరింటికి నేనూ, రిటైరైన ఒక టీచరమ్మా ఇద్దరు కూర్చునే డబుల్ తీసుకున్నాం. ఈ పడవలు బరువుండవు. పోటీ నియమాల ప్రకారం డబుల్ కనీస బరువు 27 కిలోలు, అంటే మన పాతిక కిలోల బియ్యం బస్తా కన్నా ఓ రెండు కిలోలు ఎక్కువ. పొడవు మాత్రం ముప్పై అడుగుల పైమాటే. షెడ్డులో ర్యాకుల మీద బోర్లించి పెడతారు. మాది పై వరసలో ఉంది కాబట్టి పడవ అడుగు మా తలల కన్నా ఎత్తున ఉంది, కనపడదు. ఇంకో ఇద్దరి సాయంతో దించాం, మోసుకెళ్ళాం, ఒడ్డున పడవలెక్కే బల్ల దగ్గర తిప్పి నీళ్ళలో పెట్టాం. అడుగు ఎవరూ చూడలేదు.

బయల్దేరినప్పటి నుంచీ పడవ ఒక పక్కకే లాగుతోంది. కొత్తదాన్ని కదా, ఒక చేత్తో ఎక్కువ బలంగా లాగుతున్నానేమో అనుకుని టీచరమ్మకి సారీలు చెబుతూ గంటసేపు గడిపాను. తిరిగొచ్చి కడగడానికి స్టాండ్ల మీద బోర్లిస్తే అప్పుడు బయటపడింది. పడవ అడుగున వెనకవైపు చేప రెక్కలాంటి చిన్న ముక్క ఉంటుంది, స్కెగ్ అంటారు. పడవ తిన్నగా పోయేది దాని వల్లే. అది వంగిపోయి ఉంది, దాని మొదలు దగ్గర జానెడు బీట. షెడ్డు చూసుకునే ఆయన వచ్చి చూసి, "ఈ వేళ తీసుకెళ్ళింది మీరే కదా" అన్నాడు. పుస్తకం తిప్పాడు. దెబ్బలు రాసే పుస్తకం ఒకటుంది, అందులో ఆ పడవ పేరు మీద రెండు నెలలుగా ఒక్క ముక్క లేదు. నాకు కనపడింది ఖాళీ పేజీ. ఆయనకు కనపడింది, శనివారం దాకా పడవ బాగుందనడానికి సాక్ష్యం.

అద్దె కారు తీసుకుంటే చుట్టూ తిరిగి వీడియో తీస్తాం. బంపర్ మీద గీత ఉంటే కౌంటర్‌లో కుర్రాణ్ణి పిలిచి మరీ చూపిస్తాం. కొత్తదైతే వేల డాలర్లు పలికే పడవ దగ్గర ఆ బుద్ధి పనిచెయ్యలేదు. అందరం ఒక కుటుంబం అన్న మాట క్లబ్బులో చాలాసార్లు వింటాం. బిల్లు వచ్చేదాకా నేనూ నమ్మాను.

నన్ను సగం కాపాడింది ఒక ఫొటో. గురువారం సాయంత్రం ఎవరో సభ్యులు క్లబ్ వాట్సాప్ గ్రూపులో సూర్యాస్తమయం ఫొటో పెట్టారు. ముందు వరసలో స్టాండ్ల మీద మా డబుల్, వంకర స్కెగ్‌తో సహా! అంతకు ముందు రోజు పెద్ద వాన పడింది, వాన పడ్డాక ఆ నదిలో దుంగలు కొట్టుకొస్తాయి. ఎవరో ఒకదాన్ని గుద్దుకుని, కడిగి, తుడిచి, ఏమీ ఎరగనట్టు పైన పెట్టేశారు. ఫొటో చూపించాక కమిటీ వాళ్ళు బిల్లు 320కి తగ్గించారు. పూర్తిగా ఎందుకు తియ్యరంటే, "తీసుకునే ముందు తనిఖీ చెయ్యడం సభ్యుల బాధ్యత" అని అదే కాగితంలో ఇంకో లైను చూపించారు. సభ్యత్వం డబ్బు వెనక్కి ఇవ్వరట. అదీ అందులోనే ఉంది.

కాబట్టి డబ్బు కట్టక ముందే షెడ్డు చూపించమని అడగండి, ఆ పుస్తకం తెరిపించండి. దెబ్బలు రాసి ఉంటే భయపడకండి, ఏమీ రాసి లేకపోతేనే భయపడండి. పది మంది వాడే పడవకు ఏమీ కాకుండా ఉండదు. పడవ తీసుకునే ప్రతిసారీ ముందు స్టాండ్ల మీద పెట్టి అడుగంతా చేత్తో తడమండి, స్కెగ్‌నీ, ముక్కు దగ్గర తెల్ల రబ్బరు బంతినీ ఫొటో తియ్యండి. ఆ బంతి అందానికి కాదు, ఎవరినైనా గుద్దితే పడవ మొన బాకులా దిగకుండా. రెండు నిమిషాల పని. మీ వల్ల దెబ్బ తగిలితే మాత్రం మీరే రాయండి, నాలాంటి ఇంకొకరి మీదకి తొయ్యకండి.

పడవ గోడ చాలా పల్చన. తేనెపట్టు లాంటి గళ్ళ పొరకి అటూ ఇటూ కార్బన్ ఫైబర్, అంతే. ఎక్కేటప్పుడు కాలు పెట్టడానికి ఒక పలక ఉంటుంది, దాని మీదే పెట్టాలి. పక్కన వేస్తే కాలు అడుగులోంచి దిగబడుతుంది. మా బ్యాచిలో ఒకాయనకి దిగబడింది కూడా, ఆయన బిల్లు ముందు నాది ఏ పాటి!

బూట్ల సంగతి ఇంకా ముఖ్యం. పడవలో బూట్లు బిగించే ఉంటాయి, మడమల దగ్గర చిన్న తాడు కట్టి ఉంటుంది. పడవ తిరగబడితే కాళ్ళు వాటంతటవే ఊడి రావడానికి ఆ తాడు. బూటు మడమ రెండు మూడు అంగుళాలకు మించి లేవకుండా అది పట్టి ఉంచాలి. మా క్లబ్బులో సగం బూట్లకు తాళ్ళు తెగిపోయి ఉండేవి. పిల్లల్ని చేర్చేవాళ్ళు ఇదొక్కటైనా చూడండి. వెంట వచ్చే మోటారు పడవ ఉందా, అందులో లైఫ్ జాకెట్లు ఉన్నాయా అనీ అడగండి. 2022 మేలో కోల్‌కతా రవీంద్ర సరోవర్‌లో ప్రాక్టీసు చేస్తుండగా గాలివానకు పడవ తిరగబడి ఇద్దరు స్కూలు పిల్లలు చనిపోయారు. చిన్న సరస్సే కదా అనుకోవడానికి లేదు.

లోపల హాలులో నేల మీదే తెడ్డు లాగడం సాధన చేసే రోయింగ్ మెషీన్లు చూస్తే క్లబ్ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. కాన్సెప్ట్2 కంపెనీ మెషీన్ గొలుసుకు యాభై గంటల వాడకానికోసారి నూనె రాయాలి. సీటు జారే పట్టాను తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ నల్లగా వస్తే అక్కడ ఎవరూ ఏదీ తుడవడం లేదన్నమాట. మా అమ్మాయి తెల్ల సాక్సుల మీద ఆ నలుపు ఇప్పటికీ పోలేదు.

సీజన్ అయ్యాక ఇద్దరం వేరే క్లబ్బుకి మారాం. ఫీజు కాస్త ఎక్కువే. మొదటి రోజే పుస్తకం అడిగితే అక్కడి కోచ్ నవ్వి, తడిసి ఉబ్బిన లావుపాటి నోట్‌బుక్ ఇచ్చింది. "రెండో సీటు చక్రం అరిగింది, మార్చాం." "నేను బల్లకి తగిలించాను, బీట చూడండి, క్షమించాలి." కింద పేరు, తేదీ. రెండు పేజీలు చదివి కార్డు తీసి ఫీజు కట్టేశాను.